సముద్రం ఒడ్డున ఉన్ని శాలువా

దూరంగా జరగబాకండి, అంటురోగం కాదు! నిన్న సముద్రం ఒడ్డున నాకు నేనే తెచ్చిపెట్టుకున్న సంబడం ఇది. కూర్చోండి, టీ చల్లారేలోపల చెప్పేస్తా.

నేనూ రమణక్కా బుచ్చిరెడ్డిపాలెంలో షెడ్డు పెట్టుకుని చెక్క అచ్చులతో గుడ్డల మీద ప్రింట్లు వేస్తామని తెలుసు కదా. కెమికల్స్ ఉండవు. మంజిష్ఠ వేరు, దానిమ్మ తొక్కలు, పటిక, తుమ్మబంక, అంతే. రంగు కడిగిన నీళ్లు అరటి చెట్లకి పోస్తే అవి నిక్షేపంగా గెలలు వేస్తా ఉండాయి. ఇన్నాళ్లూ నూలు చీరలే. ఈమధ్య హేమగారని ఒకామె వచ్చింది. పుట్టిల్లు సూళ్లూరుపేట, ఇప్పుడు ఊటీలో శాలువాల కొట్టు. తెల్ల ఉన్ని శాలువాలు తెచ్చిచ్చింది.

"కొండమీద చలిగా ఉన్నా ఎండ చురుక్కుమంటుందండీ. టూరిస్టులకి మెడలు కమిలిపోతాయి. ఎండని ఆపే శాలువా, అదీ నేచురల్ రంగుల్లో చేసిస్తే ఆర్డర్ మొత్తం మీకే."

చేసినాం. దానిమ్మ తొక్కల కషాయంలో నానబెట్టి, ఆరేసి, పైన మంజిష్ఠతో ఎర్ర చుక్కలు అద్దినాం. ఇంక మిగిలేది ఒక్కొక్కటే ఆవిరికి పెట్టడం. ఆవిరి పడితేనే రంగు ఉన్నిలోకి దిగుతుంది. లేకపోతే తడి తగిలితే చాలు, ఊడొచ్చేస్తుంది.

నిన్న శాంపిల్ చూడ్డానికి హేమగారు వచ్చింది. "ఎండ ఆపుతుందని నమ్మేదెట్లా?" అంది. బుద్ధున్న మనిషైతే ల్యాబ్‌కి పంపిద్దాం అంటుంది. నేనేమన్నానో తెలుసా?

"ల్యాబ్ ఎందుకండీ! విడవలూరు దాటితే సముద్రమే. మిట్టమధ్యాహ్నం నేనే కప్పుకుని నిలబడతా, మీరు వీడియో తీసుకోండి!"

షెడ్డు లోపల్నుంచి రమణక్క అరిచింది. "ఏందిమే, పిచ్చిగానీ పట్టిందా? ఈ ఎండకి నూలు చీరే ఒంటిమీద నిలవడంలా, ఉన్ని కప్పుకుంటావా?"

వింటానా? బల్ల మీదున్న రెండు శాలువాల్లో రంగు కొట్టొచ్చినట్టు కనిపించేది లాక్కుని, హేమగారితో ఆటో ఎక్కేసినా.

ఒడ్డున ఎండు చేపలు తిరగేసుకుంటా ఒకామె ఉంది, అంతే. తలమీదుగా, బుగ్గలకి అంటుకునేట్టు, చేతులు కూడా మూసుకునేట్టు శాలువా చుట్టుకుని నిలబడ్డా. హేమగారు గొడుగు కింద నిలబడి ఫోన్ ఎత్తింది. "కొంచెం నవ్వండి" అంటే నవ్వినా. చెమట ధారలు కట్టింది. చేపలామె తలెత్తి చూసింది.

"ఏం తల్లీ, చలిజొరమా?"

"కాదమ్మా, బిజినెస్!"

కాసేపటికి నావల్ల కాలేదు. "ఇప్పుడు చూడండి నా చర్మం, చెక్కుచెదరలేదు!" అని గొప్పగా శాలువా తీసేసినా.

హేమగారి ఫోన్ మెల్లగా కిందికి దిగింది. చేపలామె నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో తల్లీ! ఆటలమ్మ! ఒంటినిండా పోసిందే! ఇట్లాంటప్పుడు ఎండలోకి ఎందుకొచ్చినావు?"

చేతులు చూసుకుంటే ఎర్ర చుక్కలు. మెడమీద చుక్కలు. ఫోన్‌లో మొహం చూసుకుంటే అక్కడా చుక్కలే. "జబ్బు కాదమ్మా, రంగు!" అని మొత్తుకున్నా ఆమె వినదే! నాకు దణ్ణం పెట్టి, పోయి వేపమండ తెచ్చి చేతికిచ్చింది. ఆటో అతను దూరాన్నుంచే, "ఇంట్లో చిన్నబిడ్డలుండారక్కా, ఏమనుకోబాక" అని బండి తిప్పుకుని పోయినాడు.

అప్పుడు రమణక్క ఫోన్. "ఆవిరి పట్టిన శాలువా ఇక్కడే ఉండాదే! నువ్వు పచ్చిది తీసుకుపోయినావా?"

హేమగారు ఇసకలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. వేపమండ పట్టుకుని రోడ్డుదాకా నడిచినా. దారిన పోయేవాళ్లంతా పక్కకి తప్పుకున్నారు.

షెడ్డుకొచ్చినాక హేమగారు ఆవిరి పట్టిన శాలువాని తడి చేతిరుమాలుతో గట్టిగా రుద్ది చూసింది. రుమాలు తెల్లగానే ఉంది. ఆర్డర్ ఇచ్చింది. "వీడియో మాత్రం డిలీట్ చెయ్యనండీ" అని కూడా చెప్పింది.

నేను సబ్బు రుద్దినా, పెసరపిండి రుద్దినా, కొబ్బరినూనె పట్టించినా. ఒక్క చుక్క కదిలితే ఒట్టు! రమణక్క నా మొహాన్ని వెలుతురుకి తిప్పి చూసింది.

"ఉన్ని అంటే గొర్రెబొచ్చే కదమ్మే. బొచ్చుకి పట్టే రంగు తోలుకి పట్టదా? పైన ఎండ, లోపల చెమట... శాలువాకి పెట్టాల్సిన ఆవిరి నువ్వు పెట్టుకున్నావు."

అదండీ సంగతి. ఎండకి కమల్లేదు, ఎంత ఉతికినా వెలిసిపోలేదు. మా షెడ్డు నుంచి ఇప్పటిదాకా బయటికొచ్చిన సరుకులో ఫస్ట్ క్వాలిటీ పీసు నేనే!