బావ అడిగిన ఎలుక కణాల సంగతి

మొన్న మా మనవరాలు తన ఫోనులో ఒక ఫొటో చూపించి, ఇవేమిటో చెప్పుకో అమ్మమ్మా అంది. గాజు మీద చిందిన గంజి మరకలకు తోకలు సాగినట్టున్న ఆ ఆకారాలను చూడగానే పోల్చుకున్నాను. అవి ఎలుక వృషణం నుంచి తీసి పెంచిన కణాలు. ఈ మాట పైకి అనడానికి నా ఈడువాళ్లు ఇబ్బంది పడతారని తెలుసు గాని, మా అక్క కాపురం నిలబడడంలో వాటికీ కొంత పాత్ర ఉంది.

మాది నర్సీపట్నం. నాన్నగారు బడిపంతులు. అక్కను నాతవరం దగ్గర వరిపొలాలున్న ఇంటికి ఇచ్చారు. నేను జంతుశాస్త్రం చదివి, ఎనభైల నడుమ హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేరాను. మా ప్రొఫెసరుగారు విదేశం నుంచి తెప్పించిన ఆ కణాలకు రోజూ ఆహారద్రవం మార్చడం నా పని. అసలు ఎలుక ఎప్పుడో చచ్చిపోయినా దాని కణాలు మాత్రం సీసాలో పెరుగుతూనే ఉండడం నాకు ఎంతకీ తీరని వింత. వీర్యకణాలు తమంతట తాము తయారుకావనీ, పక్కనే ఉండి వాటిని సాకే దాదుల్లాంటి కణాలు ఇవేననీ, ఇవి సరిగా పనిచేయకపోతే వీర్యకణాలు ఎదగవనీ ఆయన చెబుతుంటే, ఇంత చిన్నచోట ఇంత సంసారమా అనుకునేదాన్ని.

ఆ వేసవిలో ఊరికి వచ్చి అక్క ఇంటికి వెళ్లేసరికి అక్కడ వాతావరణం బాగాలేదు. అక్కకు పిల్లలు పుట్టలేదని, వాళ్ల అత్తగారు బావకు నక్కపల్లి వైపు మరో సంబంధం చూస్తున్నారు. అక్క వంటింట్లోంచి బయటికి రావడమే మానేసింది. సాయంత్రం అరుగు మీద జీడిపిక్కలు ఏరుతూ, నువ్వు చేసే ఉద్యోగం ఏమిటని అత్తగారు అడిగితే, ఆ కణాలు పనిచేయకపోతే వీర్యకణాలు ఎదగవన్న సంగతితో సహా బిడియపడుతూనే చెప్పాను.

“సచ్చిపోయిన ఎలక కణాలు ఇంకా బతికుంటాయేటమ్మా?” అని ఆవిడ నవ్వారు. పక్కనే ఉన్న బావ నవ్వలేదు.

మర్నాడు నన్ను బస్సెక్కించడానికి వచ్చి, బస్సు దూరంగా కనిపించాక అడిగాడు.

“మగోళ్లకి కూడా అలాగే అవుతాదేటి? పైకి బాగానే ఉన్నా?”

అవుతుందన్నాను. నేను డాక్టరును కాననీ, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుందనీ కూడా చెప్పాను. ఆ రోజుల్లో మగవాడు అటువంటి పరీక్షకు వెళ్లడమంటే తల కొట్టేసినంత పని. ఆయన వెళతాడని నేననుకోలేదు.

తరువాత జరిగింది అక్క చెప్పింది. ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్లి పరీక్ష చేయించుకుని వచ్చాడట. సంబంధం తెచ్చిన పెద్దమనిషి అరుగు మీద కూర్చుని ఉండగానే, తల్లి ఎదుట నిలబడి, “లోపం నాదేనమ్మా. ఇంక దాన్నేటీ అనకు,” అన్నాడట. పెద్దమనిషి కండువా సర్దుకుని లేచిపోయాడు. అత్తగారు ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే నూనెగిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, అక్కను పీట మీద కూర్చోబెట్టి, తలంతా నూనె రాశారట. అక్క ఆ సంగతి చెబుతూ ఏడ్చింది గాని, అది బాధతో కాదు.

మందులు వాడినా వాళ్లకు పిల్లలు కలగలేదు. అయితేనేం, చివరిదాకా ఇద్దరూ ఒకరి చేయి ఒకరు వదల్లేదు. బావ పోయాక కూడా అక్క ఆయన మాటలే చెబుతుంది.

ఇప్పుడు ఆ పరీక్షకు విశాఖ దాకా పోనక్కరలేదు, మా ఊళ్లోనే చేస్తున్నారు. ఫలితం సీల్డు కవరులో పెట్టి చేతికిస్తారు, ఎవరికీ చెప్పుకోవలసిన పని లేదు. మంచిదే. కాని నలుగురూ వింటుండగా లోపం నాది అని చెప్పి భార్య పక్కన నిలబడ్డ మగవాడి మాట, ఆ తరువాత ఇన్నేళ్లలో నేను మళ్లీ వినలేదు.