ప్రూఫు చూడని కాగితం

మా ఆయనకు బ్లాస్ట్ ఫర్నెస్ అంటే భయం లేదు, మైకంటే ఉంది. ముప్పై ఆరేళ్ళు కరిగిన ఇనుము పక్కన నిలబడి డ్యూటీ చేసిన మనిషి. రిటైరయ్యే రోజున డిపార్టుమెంటు వాళ్ళు పెట్టే వీడ్కోలు సభలో నాలుగు ముక్కలు మాట్లాడాలని తెలిసిన దగ్గర్నుంచీ కంచంలో అన్నం కెలకడమే తప్ప తినడం మానేశారు.

"ఆ రోజుకి నాకు జొరమొచ్చీసిందని సెప్పీ," అన్నారు ఒకసారి, మజ్జిగన్నం ముందు కూర్చుని.

"జ్వరమూ లేదు, గిరమూ లేదు. వెళ్ళాల్సిందే," అన్నాను.

అన్నానే గానీ, ఆ భయంలో సగం నా చలవే అని నాకు తెలుసు. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పంతులమ్మని. మా నాన్నగారు విశాఖ పోర్టులో ఉద్యోగానికని గోదావరి నుంచి వచ్చారు కాబట్టి మా ఇంట్లో మాట గోదావరి మాట. ఈయనది స్టీలు ప్లాంటు గోడ పక్క ఊరు. పెళ్ళైన మూడోరోజు "నాను డ్యూటీకెల్తన్నాను" అన్నారు. "నాను కాదండీ, నేను" అన్నాను. అప్పుడు సరదాకే అన్నాను. అదేం రోగమో, ఆ తర్వాత ఆపలేకపోయాను. చుట్టాల ముందు, పిల్ల స్కూలు మీటింగుల్లో, ఆఖరికి ఆస్పత్రిలో డాక్టరు ముందు కూడా దిద్దాను. పోనుపోను ఈయన నలుగురిలో నోరు విప్పడమే తగ్గించేశారు. ఆ సంగతి నాకు తెలిసేసరికి ముప్పై ఏళ్ళు దాటిపోయాయి. ఎర్ర ఇంకు పెన్ను పట్టినవాళ్ళకి ఎదుటివాడి తప్పులు కనబడినంత తొందరగా మొహాలు కనబడవు.

ముందు ప్రసంగం నేనే రాసిచ్చాను. "ఈ శుభ సమయాన నా హృదయం ఉప్పొంగుచున్నది" అని మొదలుపెట్టాను. రెండు లైన్లు చదివి బల్ల మీద పెట్టేశారు.

"ఇది నాను కాదే. ఎవులో కలక్టరుగోరు మాటాడతన్నట్టుంది."

కోపం వచ్చింది నాకు. రాత్రంతా కూర్చుని రాశానాయె! "అయితే మీరే రాసుకోండి" అని విసురుగా లోపలికి పోయాను. ఆయన ఊరుకోలేదు. అప్పటికింకా ప్లాంటు క్వార్టర్స్‌లోనే ఉన్నాం, ఇంట్లో నెట్ ఉంది. నా ట్యాబ్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను ట్యూషను పిల్లలకి ప్రశ్నాపత్రాలు తయారుచేసే ట్యాబ్ అది. మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైపు చేసుకుంటుంది. గంటసేపు గాజు తలుపు అవతల చేతులు ఊపుతూ మాట్లాడారు. నాతో అంతసేపు ఏనాడూ మాట్లాడలేదు మహానుభావుడు.

బయటికొచ్చి, "అయిపోనాది. పెద్ద పెద్ద అచ్చరాల్తో ప్రింటు తియ్యాల. నువ్వు మాత్రం సదవకు. సదివితే దిద్దీత్తావు," అన్నారు.

"చదవను."

"ఒట్టెయ్యి."

వేశాను. "కాయితం సేతిలో ఉంటే ఎల్తాను, నేకపోతే ఎల్లను. అంతే," అన్నారు. అక్షరాలు పెద్దవి చెయ్యడం నేర్పించి దూరంగా నిలబడ్డాను. ఆయనే చేసుకున్నారు. తిరిగి చదువుకున్నారా అని అడిగితే, "నోట్లోంచి ఒచ్చిందే కదేటి, మల్లీ సదవడమేటి?" అన్నారు.

ప్రింటు తీసేలోపే ఇల్లు మారాం. మధురవాడలో కొనుక్కున్న ఫ్లాటుకి సామాను చేరింది. ప్రింటరూ చేరింది. నెట్ లైను మాత్రం చేరలేదు. నెట్ ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడల్లా "రేపు పంపిస్తాం మేడమ్" అనేవాడు. రేపు రేపంటూ రిటైర్మెంటు రోజే వచ్చేసింది. సభ మూడింటికి. మధురవాడ నుంచి ప్లాంటంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి ప్రయాణం, పన్నెండింటికి బయల్దేరాలి. పొద్దున్న పదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సోఫా అంచు మీద కూర్చుని, "కాయితం?" అన్నారు.

నా ఫోన్‌లోంచి హాట్‌స్పాట్ ఇచ్చాను. ట్యాబ్ అందుకుంది. ప్రింటరు మాత్రం క్వార్టర్స్‌లోని పాత నెట్ పేరే వెతుక్కుంటూ దీపం మిణుకుమిణుకుమనిపిస్తూ కూర్చుంది. ఆపి మళ్ళీ వేశాను. రెండు దెబ్బలు వేశాను కూడా, అబద్ధమెందుకు. "జెరాక్స్ షాపులో తీయించుకొస్తానండీ, రెండు నిమిషాల పని" అన్నాను.

"వద్దు. ఆ కొట్టోడు సదివీత్తాడు."

"వాడికేం పనిలేదా?"

"నానెల్లన్లే," అని చొక్కా పై గుండీ విప్పేశారు. నెల రోజులుగా బతిమాలి, కసిరి ఇంతదాకా తెచ్చాను. ఈ ఒక్క రోజు తప్పిపోతే ఆ మనిషి జీవితాంతం మాట్లాడకుండానే మిగిలిపోతాడు, ఆ పాపం నాదే అవుతుంది.

ఎదురు ఫ్లాటు పెద్దాయన తలుపు కొట్టాను. ఆయనకు వన్ టౌన్‌లో నలభై ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్సు. సగం విశాఖపట్నం పెళ్ళికార్డులు ఆయన చేతి మీదుగానే వెళ్ళాయని ఆయనే చెబుతారు. ఇప్పుడు ప్రెస్సు కొడుకు చూసుకుంటున్నాడు. ఆ పెద్దాయన మాకు పది రోజుల నుంచే తెలుసు. మా ఆయన్ని అప్పుడే బావా అని పిలిచేస్తున్నారు.

"భాయ్‌గారూ, ఇంట్లో నెట్ లేదు, ప్రింటు రావడం లేదు," అన్నాను.

"అరె టీచరమ్మా, అచ్చుకీ నెట్టుకీ సంబంధం ఏటి? నలభై ఏల్లు నాను ఏ నెట్టెట్టుకుని ఏసినాను?" అంటూ చెప్పుల్లేకుండానే వచ్చేశారు.

ప్రింటరు మీద చిన్న అక్షరం ఉన్న మీట ఒకటి నొక్కి పట్టుకున్నారు. అది ఒక కాగితం కక్కింది. దాని మీద ఆ ప్రింటరు సొంత వైఫై పేరు, పాస్‌వర్డు ఉన్నాయి. "డైరెక్ట్" అని మొదలైంది ఆ పేరు. "ఇదిగో, డైరెక్టు. మధ్యలో ఎక్కడా దిగీసి మారక్కర్లేదు. ట్యాబుకీ దీనికీ ఒకటే బస్సు," అన్నారు.

ట్యాబ్‌లో వైఫై పేర్లు తెరిస్తే నిజంగానే ఆ పేరు ఉంది. పాస్‌వర్డు కొట్టాను. కలిసింది. కలిసిన మరుక్షణం ట్యాబ్ మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఇందులో ఇంటర్నెట్ లేదు, అయినా ఇందులోనే ఉంటారా అని. ఛీ, మళ్ళీ మొదటికొచ్చిందని 'వద్దు' నొక్కేశాను. పోయింది. మళ్ళీ కలిపాను, మళ్ళీ అదే అడిగింది, మళ్ళీ వద్దన్నాను. మూడోసారి పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"టీచరమ్మా, అది నెట్టు నేదంతంది గానీ ప్రింటరు నేదనట్లేదు కదా! సరిగా సదవండి. ఉంటానని సెప్పండి."

తెలుగు టీచర్ని, ఆ వాక్యం మూడుసార్లు చదివి మూడుసార్లూ సగమే అర్థం చేసుకున్నాను. 'ఉంటాను' నొక్కాను. మా ఆయన లేచొచ్చి, ఫైలు తెరిచి, తెర మొత్తం అరచేత్తో కప్పి, ప్రింటు బొమ్మ మాత్రం వేళ్ళ సందులోంచి చూపించారు. నొక్కాను.

ప్రింటరు కిర్రుకిర్రుమంది. కాగితం మెల్లగా బయటికొస్తోంది. పెద్దాయన అలవాటుకొద్దీ, "ప్రూఫు సూసారా?" అన్నారు.

"నన్ను చదవద్దన్నారు."

"ఏటి బావా! ప్రూఫు సూడకండా నాను ఒక్క కార్డు కూడా వదల్నేదు."

"ఇది కార్డు కాదు బావా," అన్నారు ఈయన, రెండు కాగితాలూ బోర్లా తిప్పి మడిచేస్తూ. కానీ మొదటి కాగితం బయటికొస్తున్నప్పుడే నా కంట్లో మొదటి మాట పడింది. 'నాన్న.'

ఒట్టు పోయిందని కాదు, ఆశ్చర్యంతో ఉలిక్కిపడ్డాను. మా మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆయన జీడితోట, పక్కనే నువ్వుల చేను, ప్లాంటు కట్టినప్పుడు అందులోకి వెళ్ళాయి. వాటి బదులుగానే ఈయనకు ఉద్యోగం వచ్చింది. నాకు తెలిసింది అంతే. గోడ మీద ఫొటో ఉంది, ఏటా పూలదండ మారుతుంది. కానీ నాన్న అనే మాట ఈయన నోట నేను విన్న గుర్తు లేదు. ఒకటి రెండుసార్లు అడిగితే లేచి వెళ్ళిపోయారు. అలాంటిది, ప్రసంగం నాన్నతో మొదలుపెట్టారన్నమాట! దారంతా కారులో ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. పైజేబు మీద చెయ్యి తీయలేదు.

సభలో శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. తోటివాళ్ళు మాట్లాడారు. తర్వాత ఈయన్ని పిలిచారు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం విప్పి, నేను నేర్పినట్టు ఒక్కొక్క మాటా స్పష్టంగా చదివారు.

"నాన్న మొట్టమొదట ఈ గేటులో అడుగు పెట్టినప్పుడు ఇరవై మూడేళ్ళు. నాన్న ఫర్నెస్ చూసి భయపడ్డాను."

ఆగిపోయారు. ముందు వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఈయన కాగితంలోకి చూశారు, తల ఎత్తి నేరుగా నా వైపు చూశారు. దిద్దీసావా? అన్న చూపు అది. ముప్పై మూడేళ్ళ కాపురంలో నేను సంపాదించుకున్న చూపు. లేదు, లేదు అని తల అడ్డంగా ఊపాను. నా కళ్ళలో నీళ్ళొచ్చేశాయి.

అప్పుడు వెలిగింది నాకు. నాను. గంటసేపు బాల్కనీలో ఈయన నాను, నాను అని చెప్పారు. ట్యాబ్‌కి కూడా నాలాగే నాను అనే మాట రాదు. దానికి తెలిసిన మాట నాన్న. అందుకని ప్రతి నానునీ నాన్నగా వేసుకుంటూ పోయింది. నాన్న భయపడ్డాను. నాన్న నేర్చుకున్నాను. నాన్న నిలబడ్డాను. కర్త నాన్న, క్రియ కొడుకుది. నా ఎర్ర ఇంకుకి ఇంతకంటే పెద్ద తప్పు ఎప్పుడూ దొరకలేదు.

ఆయనకీ అర్థమైంది. కళ్ళజోడు తీసేశారు. అయిపోయింది, దిగి వచ్చేస్తారనుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మైకు దగ్గరికి జరిగారు.

"నాను సెప్పిందొకటి, ఈ మిసను ఏసిందొకటి. నానూ అంటే నాన్న అని ఏసీసింది," అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నాన్నకి నాను ఏటీ సెయ్యనేదు. ఇక్కడ ఒకసారి ఇంట్లోవోల్లని తెచ్చి సూపించొచ్చన్నారు. నాన్న పేర్న పాసు రాయించీసి, అట్టుకెల్లి ఇచ్చినాను. 'నా సేన్లోకి నాకు పాసేటిరా?' అన్నాడు. నాకు కోపమొచ్చి పాసు సింపీసినాను. మల్ల ఆ ఏడే పోనాడు. ఆ మాట మీద మల్ల మేం మాటాడుకోనేదు."

జేబులోని కాగితం మీద చెయ్యి వేసుకున్నారు.

"ముప్పై ఆరేల్లు నాను రోజూ పాసు సూపించి గేట్లోకొచ్చినాను. ఇయాల ఈ కాయితం నాన్నని పాసు నేకండా నోపలికి తెచ్చీసింది. నాను సదవాల్సిందేటీ నేదింక."

దణ్ణం పెట్టి దిగారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. నా పక్క కుర్చీలో కూర్చుని, "తప్పులొచ్చీసాయేటి?" అని మెల్లగా అడిగారు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఈ గొంతునా నేను ఇన్నేళ్ళూ నొక్కేశాను అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం ఇంటికొచ్చి లిఫ్టు దిగేసరికి ఎదురు ఫ్లాటు పెద్దాయన గుమ్మంలోనే ఉన్నారు. పొద్దుట్నుంచీ మనసులో పీకుతున్నట్టుంది పాపం.

"టీచరమ్మా, సదివినప్పుడు అచ్చుతప్పులేటైనా దొరికాయా?"

ఈయన జేబు మీద చెయ్యి వేసుకుని నా వైపు చూశారు.

"ఒక్కటీ లేదు భాయ్‌గారూ," అన్నాను.

ముప్పై ఏళ్ళ పంతులమ్మ ఉద్యోగంలో అచ్చుతప్పు గురించి నేను ఆడిన అబద్ధం అదొక్కటే.