ఐదో ముక్క

మొన్న నాగర్‌కర్నూల్‌లో ఒక బడి ఆఫీసు గదిలో గోడకు బిగించిన ఇనుప డబ్బా తలుపు తీయగానే, వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొట్టింది. అందరికీ తుమ్ములొచ్చే ఆ వాసనంటే నాకు మాత్రం ఇష్టం. లోపల స్విచ్చి ఉంది. స్విచ్చి అంటే బడిలోని కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె. పొద్దుటి నుంచి బడిలో ఒక్క కంప్యూటరూ పనిచేయడం లేదని ఫోను చేస్తే గద్వాల నుంచి వచ్చాను. స్విచ్చి మీది పచ్చ లైట్లన్నీ కలిసి, ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంటున్నాయి. వైర్ల మధ్య చెయ్యి పెట్టి తడిమితే వేలికి మెత్తగా ఏదో తగిలింది. చూస్తే రంగు వెలిసిన గులాబీ పట్టు దారం, రెండు ముళ్ళు వేసి ఉంది. ఆ ముళ్ళు నా చేతివే. పదేళ్ల కింద జహంగీర్ సార్‌తో కలిసి ఈ బడికి వైర్లు లాగిన రోజు వేసినవి.

"పొద్దున ఎవరైనా ఇక్కడ వైరు పెట్టారా అమ్మా?" అని గుమాస్తాగా పనిచేసే అమ్మాయిని అడిగాను. "లేదు మేడం, ఎవరం ముట్టలే" అంది, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆ జవాబు నాకు కొత్త కాదు. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను, దాదాపు అదే గొంతుతో. ఆ రోజు నన్ను గట్టెక్కించిన మనిషి గురించి చెప్పాలి.

జహంగీర్ సార్ వయసులో ఉన్నప్పుడు టెలిఫోను స్తంభాలెక్కే పని చేశారు. మోకాలు అరిగాక దిగి, గద్వాలలో చిన్న దుకాణం పెట్టుకున్నారు. కంప్యూటర్లు బాగుచేయడం, ఆఫీసులకూ కాలేజీలకూ నెట్‌వర్కు వైర్లు లాగడం ఆయన పని. చెవి మీద పెన్ను, జేబులో సోంపు పొట్లం ఎప్పుడూ ఉండేవి. మాది మగ్గాల ఇల్లు. తాత నేశాడు, నాన్న నేస్తాడు, అమ్మ మగ్గానికి పోగులు సర్ది ఆసు పోస్తుంది. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివానని చెప్పుకోవడమే గానీ, పుస్తకంలో ఉన్నది పరీక్షలో దించేసి వచ్చినదాన్ని. పని ఇస్తారా అని అడగబోతే, వారం రోజులు ఊరికే వచ్చి చూడు, తర్వాత చెప్తానన్నారు. "మగ్గం మీదికెల్లి లేసి వైర్ల ఎంట తిరుగుతవా?" అని అమ్మ సణిగింది.

మొదటి రోజే నన్ను ఒక ప్రశ్న అడిగారు.

"బేటా సుజాతా, ఇంటర్నెట్ ఏడుంటది?"

నేను తడుముకోకుండా పైకి చూపించాను. టవర్లు, ఉపగ్రహాలు, ఏవేవో చెప్పబోయాను. ఆయన సోంపు నములుతూ అంతా విన్నారు. మర్నాడు కొత్తకోటలో పనుంటే నన్నూ వెంటబెట్టుకుని వెళ్లి, హైవే పక్కన ముళ్ల చెట్ల మధ్య పాతిన చిన్న రాతి దగ్గర నిలబెట్టారు. లారీలు మా పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. "గీ రాయి కింద గాజు తీగ ఉన్నది. ఎంట్రుకంత సన్నం. దాంట్లకెల్లి వెలుగు పోతది. హైదరాబాద్ పోతది, బెంగుళూరు పోతది, సముద్రం కిందికెల్లి దేశాలు దాటి పోతది. టవరు నీ ఫోను కాడికి అందిస్తది, గంతే. పైన ఏం లేదు బేటా, అంత కాళ్ల కిందనే ఉంది" అన్నారు. మూడేళ్ల చదువులో నాకు ఎవరూ చూపించనిది, దారి పక్కన మేకలు ఒళ్లు రుద్దుకునే రాయి దగ్గర కనబడింది. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

ఆయన వైర్లకు కాగితం చీటీలు అంటించేవారు. ఏ వైరు ఏ గదిదో తెలియాలి కదా. ఎండలకు బంక ఎండిపోయి చీటీలు ఊడిపోయేవి, మిగిలినవి ఎలుకలు కొరికేవి. నేను ఇంటి నుంచి పట్టు దారం ముక్కలు తెచ్చాను, చీర అంచుకు పోగా మిగిలినవి. ఒక్కో వైరుకు రెండు కొసలా ఒకే రంగు కట్టాను. ఈ కొస ఎరుపైతే, దాని రెండో కొస ఎక్కడున్నా ఎరుపే. సార్ కళ్లజోడు పైకి తోసి చూసి, "ఇన్నేండ్ల సంది నాకెందుకు తట్టలే?" అని నవ్వారు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లానో ఎగిరి వెళ్లానో నాకే తెలియదు.

వారం చివరన ఆయనొక ఆట ఆడించారు. కాగితం మీద ఏదో రాసి, ఆరు ముక్కలుగా చింపి, ఒక్కోదాని వెనక వరుసగా అంకెలేశారు. నన్ను రోడ్డవతల చాయ్ హోటల్లో కూర్చోమన్నారు. దుకాణానికి వచ్చిన వాళ్లకూ పోయిన వాళ్లకూ ఒక్కో ముక్క ఇచ్చి పంపించారు. ఇంటర్నెట్‌లో ఏ కబురైనా ఇలాగే ముక్కలై, ఏ ముక్కకు వీలైన దారిన అది వెళ్లి, చేరాక వరుసలో కూడుకుంటుందని చూపించడానికి. మూడోది ముందొచ్చింది, ఒకటోది చివర్లో వచ్చింది. బల్ల మీద పేర్చుకుని చదివాను. "బేటా సుజాతా", "రేపు పొద్దున", "పది గంటలకు", "పనికి", తర్వాత ఖాళీ, ఆ తర్వాత "జహంగీర్". ఐదో ముక్క లేదు. పనికి రమ్మన్నారో, రావద్దన్నారో! బల్ల కింద వెతికాను, బెంచీ జరిపాను, గ్లాసు ఎత్తి చూశాను. నేనే పోగొట్టాననుకున్నాను. తిరిగి దుకాణానికి వెళ్తే, "అన్నీ ఒచ్చినయా?" అని అడిగారు. "ఒచ్చినయ్ సార్" అన్నాను. ఇంటికెళ్లి ఏడ్చాను. మర్నాడు పనికి వెళ్లలేదు.

పదకొండింటికి ఆయనే కుంటుకుంటూ మా ఇంటికొచ్చారు. మగ్గం పక్కన పీట మీద కూర్చుని, జేబులోంచి సోంపు గింజలు అంటుకున్న కాగితం ముక్క తీసి నా చేతిలో పెట్టారు. దాని మీద "రావాలె" అని ఉంది.

"నేనే దాసిపెట్టిన. రాలేదని నువ్వెందుకు చెప్పలే?"

"నేనే పోగొట్టిన అనుకున్న సార్."

"పోతయ్ బేటా. తొవ్వల ముక్కలు పోతనే ఉంటయ్. అందిందని జవాబు రాకుంటే, పంపినోడు మల్ల పంపుతడు. ఇంటర్నెట్ నడిచేది గట్లనే. అందనిది అందిందని చెప్తే ఇగ ఎవడేం జెయ్యాలె?"

నాన్న మగ్గం ఆపి మరీ విన్నాడు. అమ్మ చాయ్ పెట్టింది. సణుగుడు మాత్రం మానలేదు. ఆ మధ్యాహ్నం నుంచే నేను పనిలో చేరాను. పాఠం ఒంటబట్టిందనే అనుకున్నాను. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తొందరగా పోతుందా!

ఏడాది తర్వాత వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆన్‌లైన్ ఉద్యోగ పరీక్ష. నలభై మంది రాయాలి, పొద్దున పదింటికి మొదలు. సార్ కొత్తకోటలో ఒక లారీ ఆఫీసు పని మీద ఉండి, ఈ పని నాకు అప్పజెప్పారు. ఒంటరిగా చేస్తున్న మొదటి పని అది. ఎనిమిదిన్నరకల్లా అన్ని కంప్యూటర్లూ చూశాను, బాగానే ఉన్నాయి. స్విచ్చి డబ్బా మూయబోతుంటే, అందులోంచి ఒక వైరు కొస వేలాడుతూ కనబడింది. మా ఇళ్లలో ఊరికే వేలాడే పోగును చూస్తే చెయ్యి ఊరుకోదు, వెంటనే ఎక్కడో ఒకచోట కలిపేయాల్సిందే. ఖాళీగా ఉన్న రంధ్రం చూసి టక్కున పెట్టేశాను. శుభ్రంగా ఉందనుకుని తలుపు మూశాను. దాని రెండో కొస అదే స్విచ్చిలో అప్పటికే ఉందని, రెండిటికీ పసుపు దారమే ఉందని చూసుకోలేదు. ఆ దారాలు కట్టింది నేనే మరి.

చివరి కంప్యూటరు దగ్గరికి వెళ్లేలోపు అన్నీ మొరాయించాయి. ఒక్కటీ పలకలేదు. కాలేజీ కరస్పాండెంటు గారు వచ్చి నా నెత్తి మీద నిలబడ్డారు. "పరీక్ష ఆగితే ఎవరమ్మా జవాబు చెప్పేది?" అని కేకలేశారు. బయట వరండాలో పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని నిలుచున్నారు. గట్టు అనే ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఒక అమ్మాయి కిటికీలోంచి మెల్లగా అడిగింది. "అక్కా, అయితదా? వచ్చే సారికి నాకు వయసు దాటిపోతది." ఆ వైరు మీద అనుమానం నాకు రాకపోలేదు. కానీ కరస్పాండెంటు గారి ఎదుట దాన్ని పీకితే నేనే చేశానని ఒప్పుకున్నట్టే. పెట్టె కాలిపోయిందేమోనని భయం, పని పోతుందని భయం. అన్నిటికంటే, ఇంటికి ఏ మొహంతో పోవాలన్న భయం.

సార్‌కు ఫోను చేశాను.

"లైట్లు ఎట్ల కొడుతున్నయ్? ఒకటొకటా, అన్నీ కలిసా?"

"అన్నీ కలిసి, ఆగకుండ కొడుతున్నయ్ సార్."

"ఎవరన్న వైరు పెట్టిండ్రా?"

"లేదు సార్."

"ఒస్తున్న, పరేషాన్ గాకు" అన్నారు. ఆటో ఎక్కి తొమ్మిది నలభైకి వచ్చారు. గేటు దగ్గరే మళ్లీ అడిగారు, గొంతులో ఏ తేడా లేకుండా. "వైరు ఎవరన్న పెట్టిండ్రా బేటా?" నేను తల అడ్డంగా ఊపాను. ఇద్దరం డబ్బా దగ్గరికి వెళ్లాం. ఆయన తలుపు తీయలేదు. చేతులు కట్టుకుని నిలబడి, మూడోసారి కూడా అదే మాట అదే నెమ్మదితో అడిగారు. కోపం ఉండుంటే నేను ఇంకా బిగుసుకుపోయేదాన్నేమో. కిటికీ అవతల గట్టు అమ్మాయి హాల్ టికెట్‌ను నలుపుతూ నన్నే చూస్తోంది.

"నేనే పెట్టిన సార్" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"అయితే నువ్వే తియ్యి."

తలుపు తీసి పసుపు దారం వైరు పట్టుకుని లాగాను. పిచ్చిగా కొట్టుకుంటున్న లైట్లు ఒక్కసారి ఆగాయి. తర్వాత ఒకటి, ఇంకొకటి, తీరిగ్గా మినుకుమన్నాయి. తలపోటు తగ్గిన మనిషి మొహంలా కనబడింది నాకు ఆ పెట్టె. పదింటికి పరీక్ష మొదలైంది. ఆ అమ్మాయి లోపలికి పోతూ నా వైపు చూసి నవ్వింది. తప్పెవరిదని కరస్పాండెంటు గారు అడిగితే, "మాదే సార్. వైరు రెండు కొసలు ఒక్క పెట్టెలనే వడ్డయ్. ఇంకోపారి గాదు" అన్నారు సార్. మాది అన్నారు, ఆమెది అనలేదు. అంత తేలికగా నేను అంతకుముందెన్నడూ ఊపిరి పీల్చుకోలేదు.

పరీక్ష అయ్యేదాకా కాలేజీ ఎదుట చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఏం జరిగిందో అప్పుడు చెప్పారు. కంప్యూటర్లు అప్పుడప్పుడు 'ఎవరున్నారు?' అని అందరికీ వినబడేలా ఒక కేక వేస్తాయి. స్విచ్చి ఆ కేకను అన్ని వైర్లలోకీ పంపుతుంది. నేను పెట్టిన వైరులోకి పోయిన కేక అదే స్విచ్చిలోకి తిరిగొచ్చింది. పాత పెట్టె, దానికేం తెలుసు? కొత్త కేక అనుకుని మళ్లీ అందరికీ పంపింది. అలా ఒక్క కేక లక్షల కేకలై, అసలు మాట పోవడానికి చోటు లేకుండా చేసింది.

"లైట్ల మాట చెప్పంగనే మీకు తెలిసె గద సార్. మల్ల మూడుసార్లు ఎందుకడిగిండ్రు?"

ఆయన సోంపు నోట్లో వేసుకున్నారు. "మొదాలు అడిగింది తొవ్వల పోయింది. రెండోది గూడ పోయింది. మల్ల పంపిన, గంతే." ఖాళీ గ్లాసు పక్కన పెట్టి అన్నారు. "నీకూ భయమే, ఆ పిల్లకూ భయమే. నువ్వు ఒక్క మాట చెప్పుంటే ఇద్దరిదీ పోతుండె."

ఆ మాట నన్ను కొట్టినంత పని చేసింది, అయినా మనసు తేలికైంది. ఆ తర్వాత ఆయన దగ్గర ఎనిమిదేళ్లు పనిచేశాను. చాలా తప్పులు చేశాను. అన్నీ అప్పటికప్పుడే చెప్పాను. రెండేళ్ల కింద, రంజాన్ వెళ్లిన వారానికి ఆయన పోయారు. దుకాణం ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నా పనిముట్ల పెట్టె మూతకు లోపలి వైపు "రావాలె" అన్న ఆ ముక్క అంటించి ఉంది. ఎన్నేళ్లయినా ఊడలేదు, సోంపు వాసన మాత్రం పోయింది.

నాగర్‌కర్నూల్ బడిలో ఆ గులాబీ దారం పట్టుకుని నిలబడితే ఇదంతా కళ్ల ముందు తిరిగింది. రెండు గులాబీ దారాలు ఒకే స్విచ్చిలో పక్కపక్కనే ఉన్నాయి. నేనే లాగేస్తే పని అయిపోయేది. మూత మీది ముక్కను ఒకసారి చూసుకుని ఆ అమ్మాయి వైపు తిరిగాను. "మళ్లీ అడుగుతున్నానమ్మా, వైరు ఎవరైనా పెట్టారా?" లేదంది. పనిముట్లు సర్దుకున్నాను, కాసిని మంచినీళ్లు అడిగి తాగాను. గ్లాసు తిరిగి ఇస్తూ అదే మాట, అంతే నెమ్మదిగా మళ్లీ అడిగాను.

"ఊడ్చేటప్పుడు వైరు కొస కింద పడి ఉండె మేడం... నేనే పెట్టిన" అంది. అంటూనే పెద్ద ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు తెలుసు.

పక్కకు జరిగి దారి ఇచ్చాను. "అయితే నువ్వే తియ్యి" అన్నాను.