కొబ్బరిచెట్టెక్కి మాయమైన నా వాయిద్య బృందం

ఆ రోజుల్లో నాకు పలచగా ఉన్నదేదీ నచ్చేది కాదు. పలచని మజ్జిగ, పలచని మీసం (అది నాదే), అన్నిటికీ మించి పలాసలో కొన్న నా కీబోర్డు గొంతు. పలాసలో కొన్నది పలచగా కాక మరెలా మోగుతుందని నన్ను నేనే ఓదార్చుకునేవాణ్ణి. వయొలిన్ల గుంపు అని రాసి ఉన్న బటన్ నొక్కితే ఒకే ఒక్క దోమ బయటికి వచ్చేది. ట్రంపెట్ నొక్కితే అదే దోమకు జలుబు చేసేది. పూండి దగ్గర మా ఊరి చర్చిలో ఒళ్లు మరిచి వాయిస్తూ ఉంటే, వెనక నుంచి మా బావ (అక్క మొగుడు, ఊళ్లో మైకు సెట్టు ఆయనదే) తాపీగా అడిగేవాడు: "మావా, మొదలెట్టినావా, ఇంకా లేదేటి?"

ఆ ఒక్క మాటతో నేను దోమను ఏనుగును చేసే విద్యలో పడ్డాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, వీడియోలు చూసి నేర్చుకున్నాను. వాయించిన దాన్నే ఇంకో వరసలో కింది స్థాయిలో పెట్టాలి, అడుగున బలం వస్తుంది. మరో కాపీ తీసి దాని శ్రుతి వెంట్రుకవాసి తప్పించాలి, ఒక్కడు వాయించినా పదిమంది వాయించినట్టు ఉంటుంది (మా చర్చిలో పదిమంది పాడితే శ్రుతి అలాగే ఉండేది కాబట్టి ఈ పాఠం నాకు తొందరగా ఎక్కింది). పైన కొంచెం ప్రతిధ్వని చల్లాలి. ఇక చివరి చిట్కా నా సొంతం. ఈ మొత్తం మోపును మళ్లీ కాపీ చేసి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి పంపి, కుడిదాన్ని తలకిందులు చేసే బటన్ నొక్కాను. ఆ బటన్ ఎందుకుందో నాకు తెలియదు. నొక్కగానే నా తల కొబ్బరితోట అంత వెడల్పయింది. ఆ వయసులో అంతకంటే రుజువు ఎవడికి కావాలి?

అప్పుడే మా పెద్దమ్మ (అమ్మకు అక్క) కబురు పెట్టింది. ఒకప్పుడు ఆమె పాడితే, గాలి అనుకూలించాలే గాని, వజ్రపుకొత్తూరు దాకా వినపడేదట. ఇప్పుడు వారం వారం పలాస ఆసుపత్రికి పోయి వచ్చే మనిషి. ఏం జబ్బు అని మా ఉద్దానంలో ఎవరూ ఎవరినీ అడగరు, ఇంటింటా ఉన్నది ఆ కిడ్నీ జబ్బే. "కోత పండక్కి నా పాట ఒక్కపాలి మైకులో ఇనాలని ఉందిరా నాయినా. నిలబడి పాడ్డానికి ఊపిరి సాల్దు. ముందే పట్టీసి ఉంచు" అంది. పాట ఆమె కట్టుకున్నదే. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోను మీద దుప్పటి కప్పి రికార్డు చేశాను. చరణం చరణానికీ మధ్య ఆగి రొప్పేది. "ఈ ఊపిరి సప్పుడు తీసీగలవేటి?" అని సిగ్గుపడుతూ అడిగింది. "అన్నీ తీసేస్తాను పెద్దమ్మా, మహారాణిలా వినిపిస్తావు చూడు" అన్నాను.

తీయలేదు, కప్పేశాను. గొంతు సన్నబడ్డ చోటల్లా ఒక వయొలిన్ల మోపు, ఊపిరి వినపడ్డ చోటల్లా ఒక ట్రంపెట్ల మోపు, నా సొంత చిట్కాతో సహా దించాను. చివరికి, నౌపడలో రైలు కదిలిపోయాక ప్లాట్‌ఫారం మీద నిలబడి పిలుస్తున్న మనిషిలా మిగిలింది పెద్దమ్మ. రైలు మాత్రం అద్భుతంగా ఉంది.

పండుగ ఉదయం చర్చి ముందు కొబ్బరి గెలలు, జీడిపిక్కల బుట్టలు, కొత్త బియ్యం. పక్కనే కొబ్బరిచెట్టుకు మా బావ కట్టిన మైకు గొట్టం. గుండె జబ్బులున్నవాళ్లు వెనక కూర్చోవాలని నేను ముందు రోజే ఊరంతా చెప్పి వచ్చాను. అయ్యగారు (మా పాస్టరుగారు) కూడా "మన తమ్ముడు గొప్ప వాయిద్య బృందాన్నే తెచ్చాడు" అని ప్రకటించారు. నొక్కాను. గొట్టంలోంచి ఒక ఊపిరి వచ్చింది. తరవాత పెద్దమ్మ గొంతు. అంతే. వయొలిన్లు లేవు, ట్రంపెట్లు లేవు, దోమ కూడా లేదు.

"బావా, వైరు పీకీసినావా?"

"నానేటీ పీకలేదు. పాట వత్తంది కదేటి!"

"వాయిద్యం ఏదీ?"

"ఏ వాయిద్యం?"

నా మొహం చూసి జాలిపడి చెట్టెక్కాడు. గొట్టాన్ని పట్టుకుని ఊపాడు. కొబ్బరికాయ ఒకటి రాలింది గాని వయొలిన్ ఒక్కటీ రాలలేదు. (కారణం చాలా కాలానికి తెలిసింది. ఆ గొట్టానికి ఎడమా కుడీ లేవు. రెండు చెవుల సంగీతాన్నీ కలిపి ఒకే నోటితో పాడుతుంది. మామూలు కాపీ, తలకిందులు చేసిన కాపీ కలిస్తే, తెప్పను ఒకడు సముద్రంలోకీ ఇంకొకడు ఒడ్డుకీ ఒకే బలంతో తోసినట్టు, ఏదీ కదలదు. అటూ ఇటూ చేరకుండా మధ్యలో ఉన్న పెద్దమ్మ గొంతు ఒక్కటే బతికింది.) అప్పటికి నాకు తెలిసిందల్లా, భూమి అవసరానికి నోరు తెరవదని.

గొట్టంలో పెద్దమ్మ పాడుతూనే ఉంది. ఆమె ఊపిరి కోసం ఆగినప్పుడల్లా ముందు వరస ఆడవాళ్లంతా తామే ఊపిరి తీసుకుంటున్నట్టు ఆగారు. పాట అయ్యాక అయ్యగారు లేచి, "వాయించగలిగి కూడా వాయించకుండా ఉన్నాడు. తగ్గింపు అంటే ఇదీ" అన్నారు (మా చర్చి భాషలో తగ్గింపు అంటే వినయం). శబ్దం తగ్గింపు అయినా, మనిషి తగ్గింపు అయినా జీవితంలో నేను చేసిన పాపాన పోలేదు. లేచి నిలబడ్డాను. "లేదండీ, వాయించానండీ. చాలా వాయించాను." చర్చంతా ముచ్చటపడి నవ్వింది. "సూడండమ్మా, సెప్పుకోడానికి కూడా సిగ్గే ఆ గుంటడికి!" అంది ఎవరో. చెట్టు దిగి వచ్చిన బావ నా భుజం తట్టి, "నువ్వింత బాగా ఎప్పుడూ వాయించలేదురా మావా" అన్నాడు.

పెద్దమ్మ దగ్గరికి వెళ్లక తప్పలేదు. కుర్చీలోంచి లేవకుండానే నా చెయ్యి పట్టుకుంది. "ఊపిరి సప్పుడు తీసీత్తానన్నావు?"

"తీద్దామనే అనుకున్నాను పెద్దమ్మా..."

"తీయకపోడమే మంచిదైందిరా. నానింకా ఉన్నానని ఊరంతా ఇన్నారు."

అప్పుడు నా కాళ్లను నేను చూసినంత శ్రద్ధగా, చెప్పులు కుట్టించుకునేటప్పుడు కూడా ఎవడూ చూసి ఉండడు.

ఇప్పుడు టెక్కలిలో పెళ్లి వీడియోలకు సంగీతం కలుపుతూ బతుకుతున్నాను. ఏ పని ముగించినా ముందు ఎడమా కుడీ కలిపి ఒక్కటి చేసి వింటాను. పెద్దమ్మ ఇప్పుడు లేదు. పాట ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పలచని మీసం కుర్రవాడు తుపానులా మీద పడతాడు, పెద్దమ్మ ఎక్కడో ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. అవి తీసేసి, ఒకే స్పీకరున్న నా పాత ఫోనులో పెడితే వాడు మాయం. ముందు ఒక ఊపిరి, ఆ తరవాత ఆమె. ఇప్పుడు తలచుకుంటే దాన్ని సరిచేయడం నిమిషం పని. చేయలేదు. వాడు జన్మలో నోరు మూసుకుని కూర్చున్నది ఆ ఒక్క పాటలోనే.