మక్క మొలకల గది

పచ్చగా ఉన్నచోట చల్లగా ఉంటుందని మా అక్క నమ్మకం. ఎండాకాలంలో చెట్టు కింద నిలబడ్డ వాళ్లెవరైనా ఆ మాటే అంటారు. నేనూ అనేదాన్ని. ఇప్పుడు తలుపులు వేసిన గదిలో చిన్న కుండీలో మొక్క కనిపించినా సరే, ముందు కిటికీ ఎక్కడుందో వెతుక్కుంటాను. మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ.

అక్కది మోస్రా పక్కన ఊరు. నేను నిజామాబాద్‌లో ఉంటాను. వీలైన ఆదివారమల్లా బస్సెక్కి వెళ్లేదాన్ని. బావ పోయాక అక్కకు మిగిలింది ఒక బర్రె, కొంచెం పొలం. పొలం కౌలుకు ఇచ్చేసింది గానీ బర్రెను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఎన్నాళ్లో ఎదురుచూడగా దానికి ఆ ఏడు చూలు నిలిచింది. పాలు అప్పటికే ఎండిపోయాయి. అది క్షేమంగా ఈనితే అక్క ఇల్లు మళ్లీ నడుస్తుంది, లేదంటే బర్రెను అంగట్లో అమ్ముకుని నా దగ్గరికి వచ్చి ఉండాలి. నా దగ్గర ఉండడమంటే ఆమెకు తల తీసేసినట్టే. ఆ సంగతి నా ముఖం మీదే చెప్పేది, నేను బాధపడతానని కూడా చూడకుండా.

చిక్కంతా మేతతోనే వచ్చింది. మా వైపు చెరుకు నిండుగా ఉన్న రోజుల్లో, కొట్టే కాలమంతా చెరుకు ఆకు ఎవరి చేలోంచి ఎవరు తెచ్చుకున్నా అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు ఎటు చూసినా వరే. ఆ వరిని కూడా మిషన్ కోసి, గడ్డిని నలగ్గొట్టి పారేస్తుంది. మట్టి లేకుండా గదిలోనే ట్రేలలో మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, మొలకెత్తించి పచ్చిమేత తయారు చేయవచ్చని అక్క ఫోన్‌లో చూసింది. బావ ఎరువుల బస్తాలు పెట్టుకునే గది ఖాళీగా పడి ఉంది. దాంట్లో ఇనుప ర్యాకులు పెట్టించింది. ఎలుకలు, పిట్టలు దూరకుండా, వేడిగాలి రాకుండా, ఉన్న ఒక్క కిటికీకీ ప్లాస్టిక్ కవరు మేకులతో కొట్టించింది.

నన్ను మొదటిసారి లోపలికి తీసుకెళ్లిన రోజు బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల ర్యాకుల నిండా జానెడు మొలక, కింద చాపలా అల్లుకున్న వేళ్లు. నిజం చెప్పాలంటే ప్రాణానికి హాయిగా అనిపించింది.

"సూసినవా చెల్లె, కూలర్ పెట్టినట్టు లేదా? గీ మొలకలే అర్రను సల్లగ చేస్తున్నయి" అంది అక్క.

"మంచిగనే ఉన్నది గని, గాలేది అక్కా?"

"గాలెందుకే? నీళ్లుంటె చాలు. నీకు అన్నిట్ల వంకలే."

ఆ రోజు నా తువ్వాలు తలుపు వెనక మేకుకు తగిలించి మరిచిపోయి వచ్చాను. మళ్లీ వెళ్లినప్పుడు అది అక్కడే వేలాడుతోంది. ఆ ఎండలకు అట్ట కట్టి ఉండాల్సిన గుడ్డ. పిండితే నీళ్లు కారాయి.

అక్క నీళ్లు కొట్టే ట్రేలకూ ఆ మేకుకూ చాలా దూరం. ఆ తడి మొలకలు వదిలింది. వేళ్లతో తాగిన నీటిని ఆకు రోజంతా గాలిలోకి వదులుతూనే ఉంటుంది, ఆ వదలడంలోనే ఉంది చల్లదనం. తలుపూ కిటికీ మూసేస్తే ఆ తడి ఎక్కడికి పోవాలి? గోడకు పడుతుంది, కప్పుకు పడుతుంది, నా తువ్వాలుకు పడుతుంది. గాలి తడితో నిండిపోయాక ఆకు ఇక వదలలేదు, చల్లదనం అక్కడితో సరి. ఇదంతా ఇప్పుడు వరసగా చెప్పగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం ఆ గదిలో ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు, అంతే.

తొలకరి ముందు ఉక్కపోత మొదలయ్యేసరికి గది తీరే మారిపోయింది. బయటికంటే లోపలే ఎక్కువ ఉడుకు. కప్పు నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు మెడ మీద పడుతున్నాయి. కొత్తగా నానబెట్టి పరిచిన కింది ట్రేలో చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీశాను. జ్వరం వచ్చిన పిల్ల ఒళ్లులా కాలుతోంది. మొలకెత్తే గింజ తనంతట తానే వేడి పుట్టిస్తుంది. అక్కేమో మేత ఎక్కువ రావాలని గింజ మీద గింజ పోసింది. పులిసిన కల్లు వాసన, దానితోపాటు ముసురు రోజుల్లో మూసి ఉంచిన ట్రంకు పెట్టె వాసన. వేళ్ల సందుల్లో దూదిలాగా తెల్లగా ఏదో ఉంది.

"అక్కా, బూజు పట్టింది."

"బూజు గాదు, సన్న ఏర్లు. గట్లనే ఉంటయని ఫోన్ల చెప్పిండ్రు. నీకు కండ్లు కనవడుతలేవా?"

మక్క మొలకకు సన్నటి తెల్లటి వేర్లు ఉండే మాట నిజమే. అదే మా కొంప ముంచింది.

ఆమె ఒక ట్రేలోని మేతను చాపలా చుట్టి తీసుకెళ్లి నీళ్ల గాబు పక్కన వేసింది. బర్రె మూతి పెట్టి, బుస్సుమని గాలి వదిలి, ముఖం తిప్పుకుంది. అక్క మళ్లీ ముందుకు నెట్టింది. అది మళ్లీ తిప్పుకుంది. అక్క ముఖం చిన్నబోయింది. ఒక్క క్షణం ఆగి, ఇంట్లోకి పోయి, చెంబులో బెల్లం నీళ్లు కలుపుకుని వచ్చింది. మా చెరుకు ఊళ్లలో పశువు మేత ముట్టకపోతే ఎవరైనా చేసేది అదే. మా అమ్మ చేసేది, వాళ్లమ్మా చేసేది. నీళ్లు చిలకరించగానే బర్రె నాలుక చాపి నాకింది. నాకుతూ నాకుతూ మొత్తం తినేసింది.

"తీపికి పడనోళ్లెవ్వరే?" అని అక్క పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

నాకు మాత్రం భయం వేసింది. పశువు వద్దన్నదాన్ని తినిపించాం అనే మాట మనసులోంచి పోలేదు. "ముందు ఆ కిటికీ తెరువు, ఆ మేత పారెయ్యి" అన్నాను. "నా బర్రె సంగతి నాకెర్క లేదా? నువ్వు పట్నం పో" అంది. కోపంతో చాయ కూడా తాగకుండా బస్సెక్కాను. అప్పటినుంచి రోజూ బెల్లం నీళ్లేనట.

కొన్నాళ్లకు పొద్దున్నే ఫోన్. "చెల్లె, బర్రె లేస్తలేదు."

నేను వెళ్లేసరికి పశువుల డాక్టరు వచ్చి ఉన్నాడు. గది తలుపు తీసి, లోపలికి అడుగు పెట్టకుండానే మూసేశాడు. "గీ వాసనకు పశువు మూతి పెట్టదు గదా. ఎట్ల తిన్నది?" అని అడిగాడు. గాబు పక్కన బెల్లం చెంబు, దాని మీద ఈగలు. ఆ సాయంత్రం నెలలు నిండకుండానే కడుపులోని దుడ్డె పడిపోయింది. ఆడ దుడ్డె. ఒంటి మీద వెంట్రుకలు కూడా పూర్తిగా రాలేదు. అక్క ఏడవలేదు. కూర్చుని దాని చెవులు నిమురుతూ ఉండిపోయింది. నాకే ఏడుపు ఆగలేదు.

బర్రె బతికింది. కిటికీ కవరు నేనే పీకి పారేశాను. ట్రేలు ఎండలో బోర్లించాం. గోడలు మాత్రం వానాకాలం దాటినా నల్లగానే ఉండిపోయాయి. బర్రెను అమ్మి నా దగ్గరికి రమ్మని నేను అడగలేదు, ఆమె రాలేదు.

మొన్న వెళ్లినప్పుడు అక్క కాలువ గట్టు నుంచి లేత గడ్డి కోసుకొచ్చింది. బర్రె ముందు వేసింది. అది ఆమె చేతిని వాసన చూసి ముఖం తిప్పుకుంది. అక్క పోయి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. అయినా ముట్టలేదు.

"ఇంక బెల్లం వాసన వస్తున్నదా చెల్లె?" అని రెండు చేతులూ నా ముందు చాపింది.

వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఆ గడ్డినే తీసి నా చేత్తో వేశాను. బర్రె తినడం మొదలుపెట్టింది. అక్క గోడ చాటుకు పోయి, దానికి కనిపించకుండా నిలబడి, అది నములుతున్న చప్పుడు వింటోంది.