చలి అన్నవాళ్ళు నీళ్ళు తోడాలి

మొన్న గురువారం పొద్దున్న ఏడు కాకుండానే ఫోను మోగింది. ఆమదాలవలస నుంచి మా బావగారి పెద్దబ్బాయి. "పిన్నీ, అమ్మ ఎల్లిపోనాది" అన్నాడు. ఎలా జరిగిందో కూడా వాడే చెప్పాడు. తెల్లారి లేచి, మొహం కడుక్కుని, టీ అడిగిందట. కోడలు గ్లాసు అందిస్తే ఒక గుక్క తాగి, "ఇదేటే, టీయా, టీగిన్నె కడిగిన నీల్లా?" అందట. ఇంట్లో అందరూ నవ్వారట. ఆ నవ్వులు ఆగేలోపే గోడకి తల ఆనించి కళ్ళు మూసేసిందట.

ఆమె నాకు తోటికోడలు. మా ఆయన అన్నగారి భార్య. యాభై ఏళ్ళు పైబడి ఆమెని అక్కా అనే పిలిచాను. తోటికోడళ్ళ గురించి లోకంలో మంచిమాట తక్కువగా వినబడుతుంది. నాకు ఇలాంటి తోటికోడలు ఉండేదని నలుగురికీ చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఇందులో ఏడుపు కంటే గర్వమే ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి.

నేను కాపురానికి వచ్చింది అరవైల ఆఖర్లో. మా పుట్టిల్లు నరసన్నపేట దగ్గర పల్లె. అక్కడ పిడకలు మా గోడల మీదే ఎండేవి. కందికంప పెరట్లో గుట్టలుగా పడి ఉండేది. పొయ్యిలోకి కూడా డబ్బులిచ్చి కొనుక్కునే ఇళ్ళు ఉంటాయని నాకు తెలీదు. ఆమదాలవలసలో అత్తవారిది రెండు గదుల పెంకుటిల్లు. గొడ్డూ గోదా లేవు, పెరడు లేదు, వెనక ఒక నుయ్యి ఉంది. అత్తగారు అంతకు ముందే పోయారు. మామగారు, బావగారు, అక్క, వాళ్ళ ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. బావగారు రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేసేవారు. మా ఆయన పక్క ఊళ్ళో బడిపంతులు. ఇంటి పెత్తనమంతా అక్కదే. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్ళు కూడా లేవు.

ఆ ఏడు కొండల వైపు నుంచి కర్రల బళ్ళు దిగడం తగ్గిపోయింది. కర్రల అడితీలో ధర వారం వారం పెరిగేది. ఒకరోజు అక్క నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. అడితీ ఆయన కాటాలోకి కర్రలు విసురుతున్నాడు. అక్క ఒకదాన్ని తీసి తడిమి చూసింది. బరువు తూగడానికి దానిమీద నీళ్ళు చల్లినట్టున్నాడు, చెయ్యి తడిసింది.

"ఏటి బావా, కర్రలతోపాటు నీల్లు కూడా అమ్ముతన్నావా? ముందే సెప్తే బిందె తెచ్చుకుందును కాదేటి?" అంది అతనితో.

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. అతను కూడా నవ్వాడు గానీ ధర మాత్రం దించలేదు. "ఏటి సెయ్యమంటావమ్మా, సరుకు వస్తన్నాది కాదు" అన్నాడు.

"ఈ రేటుకి కొంటే పొయ్యిలో ఎట్టబుద్ధి అవదు బావా. మెల్లో ఏసుకోబుద్ధేస్తాది" అంది అక్క.

దారంతా నవ్వుతూనే వచ్చింది. ఇంటికి చేరాక ఆ కర్రల్ని మూడు చిన్న కుప్పలుగా సర్ది, వాటికేసి చూస్తూ నిలబడిపోయింది. "సెల్లీ, ఇవి పదిరోజులు రావాల. ఎలగొస్తాయో నాకు తెలీదే" అంది మెల్లగా. నవ్వుతూ తిరిగే మనిషి కూడా లోపల లెక్క తప్పకుండా వేసుకుంటుందని నాకు ఆ పూట తెలిసింది.

బావగారు పనిచేసే మిల్లు వెనక ఊక గుట్టలుగా పడి ఉండేది. ఎవరికీ అక్కర్లేదు. గాలొస్తే రోడ్డంతా ఎగిరి కళ్ళల్లో పడేది. స్టేషను దగ్గర టీకొట్టువాడు ఆ ఊకని రేకు డబ్బాలో కూరి మండించడం అక్క చూసింది. అతన్ని అడిగి తెలుసుకుంది. ఇంట్లో ఉన్న పాత కిరసనాయిలు డబ్బాకి అడుగున పక్కగా కన్నం కొట్టించింది. మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, రోకలి పైకి లాగేసింది. కింది కన్నంలోంచి నిప్పు పెట్టింది.

మొదటిసారి దట్టించడం సరిగా కుదరలేదు. ఇల్లంతా పొగ కమ్మేసింది. మామగారు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. ఇల్లంటుకుందనుకుని ఇరుగుపొరుగువాళ్ళు నీళ్ళ బిందెలతో వచ్చేశారు. అక్క నల్లటి మొహంతో గుమ్మంలోకి వచ్చి, "కంగారడకండి. అన్నం ఉడకనేదు గానీ దోమలన్నీ ఉడికిపోనాయి" అంది.

మూడోసారికి పొయ్యి లొంగింది. పొగ తగ్గి, ఎర్రగా, గంటలకొద్దీ వేడి ఉండేది. ఇంకో ఉపాయం కూడా కనిపెట్టింది. ఒక పెద్ద వెదురుగంప నిండా ఊక పోసి, మధ్యలో గొయ్యిలా చేసింది. ఉలవలు ఒక పొంగు రాగానే కుండ దించి ఆ గోతిలో పెట్టి, పైన గోనెసంచులు కప్పేసేది. నిప్పు అవసరం లేకుండానే మధ్యాహ్నానికి మెత్తగా అయిపోయేవి. మామగారు రోజూ సంచి ఎత్తి తొంగి చూసేవారు.

బావగారికి మాత్రం ఇదేమీ నచ్చలేదు. పెళ్ళాం నెత్తిన ఊకగంపతో మిల్లు గేటులోంచి వస్తుంటే తోటి పనివాళ్ళ ముందు ఆయనకి తలకొట్టేసినట్టుండేది. "పరువు పోతన్నాదే" అన్నారు ఒకరోజు.

"పరువు పొయ్యిలో ఎడితే అన్నం ఉడుకుతాదేటి? ఊక ఎడితే ఉడుకుతాది" అంది అక్క, గంప దించుతూ.

ఆ ఏడు చలి కూడా గట్టిగానే పట్టింది. నాగావళి మీద నుంచి వచ్చే మంచు పొద్దున్న తొమ్మిదింటి దాకా కదిలేది కాదు. పెంకుల సందుల్లోంచి గాలి దిగేది. కప్పుకోవడానికి చాలినన్ని దుప్పట్లు లేవు. పాత చీరల మధ్య గోనెసంచులు పెట్టి అక్క బొంతలు కుట్టింది. అవి ఒంటికి గుచ్చుకునేవి. గోక్కుంటుంటే ఒళ్ళు వేడెక్కుతుందని, అది కూడా లాభమేనని చెప్పేది. అన్నిటికంటే గట్టిది ఆమె పెట్టిన నియమం. ఇంట్లో ఎవరి నోటైనా 'సలి' అన్న మాట వస్తే, వాళ్ళు నూతిలోంచి రెండు బిందెలు తోడాలి.

పిల్లలు రోజూ పెద్దవాళ్ళని ఆ మాట అనిపించాలని చూసేవారు. మా ఆయన రెండుసార్లు దొరికిపోయారు. మామగారు దొరికేవారు కాదు. కంబళి ముసుగులోంచి, "అమ్మా, ఇయాల అది మరీ ఎక్కువగా ఉన్నాది" అనేవారు.

"ఏది మావా? పేరు సెప్పు" అనేది అక్క.

"అదేనమ్మా, తెల్లగా వస్తాది, పల్లు కొరికిస్తాది."

అందరం పొట్టపట్టుకుని నవ్వేవాళ్ళం. అలా నవ్వుతూ పొయ్యి చుట్టూ కూర్చుంటే నిజంగానే ఒళ్ళు వెచ్చబడేది.

నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా, పుష్యమాసం మొదట్లో, ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఏరుతూ నడుం పట్టేసినట్టయింది. చీకటి పడకుండానే ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. చేతిలో పెడితే బరువే తెలియలేదు. ఏడుపు పిల్లికూన అరిచినట్టుంది. వేళ్ళు నీలంగా ఉన్నాయి.

డాక్టరమ్మ రెండు రోజులు అక్కడే ఉంచి చూసింది. తర్వాత మా వాళ్ళని పిలిచి చెప్పింది. "ఈ పిల్లకి మందులకంటే వెచ్చదనం ముఖ్యం. ఒళ్ళు చల్లబడిందంటే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే మంచిదే. కానీ ఈ చలిలో, రైల్లో, అంతదూరం తట్టుకుంటుందని నేను చెప్పలేను."

మా ఆయన బావగారి వైపు చూశారు. బావగారు నేలకేసి చూశారు. అక్క ముందుకొచ్చింది. "ఎంత ఏడి గావాలమ్మా?" అంది.

డాక్టరమ్మ పిల్లని తీసి అక్క గుండెలమీద ఆనించింది. "ఇక్కడ ఎంత ఉందో అంత. రాత్రీ పగలూ."

"అయితే ఉన్నాది" అంది అక్క.

ఇంటికి రాగానే ఉలవల గంప ఖాళీ చేసింది. కొత్త ఊక జల్లించి దుమ్ము పోగొట్టి, ఎండలో ఆరబోసి, మళ్ళీ గంపలో నింపింది. మధ్యలో చిన్న బుట్ట దించి, దానిలో దూది పరిచి, మెత్తటి పాతచీర వేసింది. నేను మంచం మీద నుంచి చూస్తూ ఏడుస్తున్నాను. మామగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఏటమ్మా, ఉలవలు ఉడికే గంపలో ఆడగుంటని ఎడతావేటి?"

"ఉడకనియ్యన్లే మావా. ఉలవలకి మూత ఏస్తాను, దీనికి మూత ఎయ్యను. అంతే తేడా."

కళ్ళనీళ్ళ మధ్యే నాకు నవ్వొచ్చింది. బిడ్డ పుట్టాక నేను నవ్వడం అదే మొదలు.

తవుడు మూటలు కట్టి పొయ్యి మీద పెనంలో వేడిచేసేది. ఒక్కో మూటనీ ముందు తన చెంపకి ఆనించుకుని, చురుక్కుమనకుండా ఉంటేనే బుట్ట చుట్టూ సర్దేది. పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసేవాళ్ళం. గంపలో లేనప్పుడు పిల్ల ఎవరో ఒకరి గుండెలమీద ఉండాలి. నేను, అక్క, మామగారు వంతులు వేసుకున్నాం. కంబళిలో పిల్లని దాచుకుని మామగారు కదలకుండా కూర్చునేవారు. "ఇన్నాల్లకి నీకు ఉద్యోగం దొరికింది మావా. జీతం నేదు, సెలవు నేదు" అనేది అక్క. ఆయన గట్టిగా నవ్వితే పిల్ల లేస్తుందని పెదవులు బిగబట్టుకునేవారు.

ఇంతలో మా వీధి వీధంతా ఊక పొయ్యిలు వచ్చేశాయి. అక్కే ఇంటింటికీ వెళ్ళి దట్టించడం నేర్పింది. ఊకకి గిరాకీ ఉందని అప్పుడు మిల్లు యజమానికీ తెలిసింది. ఇటుకబట్టీ వాళ్ళు మొత్తం కొంటామన్నారు. పిల్లకి పది రోజులప్పుడు బావగారు ఇంటికి వచ్చి, తలెత్తకుండా, "రేపట్నుంచి ఊక ఇవ్వరట. ఎల్లి అడగొద్దు. నా పని పోతాది" అన్నారు.

అక్క వెళ్ళి ఊక మూట విప్పి చూసింది. ఇంట్లో ఉన్న ఊక రెండు రోజులకే వస్తుంది. కర్రలు కొనే స్తోమతు లేదు, కొన్నా ఆ పొగలో పిల్లని ఉంచలేం.

మర్నాడు పొద్దున్న వీధిలో ఆడవాళ్ళు పదిమంది ఖాళీ గంపలతో మిల్లుకి వెళ్ళారు. ముందు అక్క. నేను బాలింతని, ఇంట్లోనే ఉన్నాను. జరిగింది వాళ్ళు తిరిగొచ్చి చెప్పారు. ఒకరు సగంలో ఆపితే ఇంకొకరు అందుకుని చెప్పారు.

యజమాని గేటు దగ్గరికి వచ్చి, ఏమిటీ గుంపు అన్నాడట.

"బాబూ, నాను తగువుకి రానేదు" అందట అక్క. "మా ఇంట్లో పదిరోజుల గుంట ఊకలో బతుకుతన్నాది. అది మీ ఊకే. ఓపాలి వచ్చి సూడండి. సూసినాక మీ ఇష్టం. ఇంకోమాట. నా మొగుడు నన్ను రావద్దనే సెప్పినాడు. అతన్నేటీ అనకండి."

అప్పుడు బావగారు కాటా వదిలి వచ్చారట. అందరూ చూస్తుండగా అక్క చేతిలోని గంప తీసుకుని, గుట్ట దగ్గరికి వెళ్ళి, నిండా ఊక ఎత్తి తెచ్చి, స్వయంగా ఆమె నెత్తిన పెట్టారట. యజమాని అడ్డుపడలేదట. అక్క ఆ గంపతో ఇంటికి వచ్చి, నాతో ఒకటే చెప్పింది. "మీ బావ గంప ఎత్తడం సూడాల్సిందే. పెల్లిలో తాలి కట్టినప్పుడు కూడా అంత నిదానంగా కట్టనేదు." చెబుతూ కళ్ళు తుడుచుకుంది. పొగ కూడా లేదు ఆ పూట.

ఆ సాయంత్రం మిల్లు యజమాని తల్లి మా ఇంటికి వచ్చింది. గంపలోకి వంగి చూసింది. వేలు అందిస్తే పిల్ల పట్టుకుంది. ఆవిడ చాలాసేపు వేలు వెనక్కి తీసుకోలేదు. మర్నాటి నుంచి మా వీధికి ఇంటికో గంప ఊక ఉచితం, మిగిలింది బట్టీకి అన్నారు. బావగారి పని పోలేదు. ఊకగంప గురించి ఆయన మళ్ళీ పరువు మాట ఎత్తలేదు. ఆదివారాలు తనే వెళ్ళి తెచ్చేవారు.

తర్వాత మేం బదిలీల మీద వేరే ఊళ్ళకి వెళ్ళాం. ఇళ్ళల్లోకి గ్యాసు వచ్చింది, కరెంటు హీటర్లు వచ్చాయి. బిల్లులు చూసి ఎవరైనా మొహం వేలాడేసుకుంటే అక్క ఊరుకునేది కాదు. "రేటు పెరిగిందని మంట తగ్గిందేటి? మీ నవ్వే తగ్గింది" అనేది. గర్వంగా చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఎన్ని ఉన్నా, పిల్లని బతికించిన కథ ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. ఎవరైనా ఎత్తితే, "డాక్టరమ్మ సెప్పినాది, మావ కూకున్నాడు, నానేటి సేసినాను?" అని లేచి వెళ్ళిపోయేది.

గురువారం మా అమ్మాయికి ఫోనులో కబురు చెప్పాను. యాభై దాటిన మనిషి, మనవల్ని ఎత్తబోతోంది. "నువ్వు కన్నావు గానీ, నన్ను పొదిగింది పెద్దమ్మే కదమ్మా" అంది. నాకు కోపం రాలేదు.

అక్కని తలుచుకుంటే నాకు ముందుగా కనబడేది ఆ ఏటి రథసప్తమి. పిల్లకి నెల దాటింది. బుగ్గలు నిండాయి. ఆ పొద్దున్న మంచు త్వరగా విడిపోయి ఎండ మెత్తగా వాకిట్లోకి దిగింది. అక్క వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లని ఆ కాళ్ళమీద వేసుకుని, ఒక్కొక్క గుడ్డే విప్పింది. పుట్టాక ఆ ఒంటికి ఎండ తగలడం అదే మొదటిసారి. నేను భయంతో పక్కనే చీర పట్టుకుని నిలబడ్డాను. పిల్ల ముడుచుకుంటుందనుకున్నాను. అది కాళ్ళు రెండూ చాపి, గాలిలోకి ఒక్క తన్ను తన్నింది. మళ్ళీ తన్నింది.

"ఒసే సెల్లీ, సూడే! సూరీడినే తంతన్నాది!" అని అక్క అరిచింది. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి వచ్చి చుట్టూ చేరారు. అక్క వాళ్ళని పట్టించుకోలేదు. రెండు అరచేతులూ ఆ ఎర్రటి బుల్లి పాదాలకి ఎదురుగా పట్టుకుని, నవ్వుతూ, ఎండలో అలా తన్నించుకుంటూనే కూర్చుంది.