కాళ్లు నేలకందని కుర్చీ

ఆ రోజు పొద్దున మా బిడ్డ సుజాత చెప్పు పట్టీ పెట్టుకోవడానికి వంగి, అట్లాగే ఉండిపోయింది. "నాయినా, జర నన్ను లేపు" అన్నది నవ్వుతూ. కళ్లలో మాత్రం నీళ్లున్నాయి.

రామన్నపేట నుంచి రోజూ నార్కట్‌పల్లికి పోయి ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఎక్కువ రోజులు రాకపోతే ఆ సీట్లో ఇంకొకరుంటారు. కూర్చుని చేసే పని దొరికిన మొదటి మనిషి మా ఇంట్లో ఆమే. అందుకే నడుము నొప్పిని నెలల తరబడి దాచుకున్నది.

నల్లగొండ దవాఖానలో ఎక్స్‌రే, తర్వాత ఎంఆర్‌ఐ తీశారు. నడుములో ఎల్4-ఎల్5 పూసల మధ్య డిస్క్ బల్జ్ అయిందని, అంటే ఉబ్బిందని, ఆపరేషన్ ఇప్పుడే వద్దు, ఫిజియోథెరపీతో చూద్దామని డాక్టర్ చెప్పాడు. ఎట్లాంటి కుర్చీలో కూర్చుంటావమ్మా అని కూడా అడిగాడు. వీపు పగిలితే తాడుతో కట్టిన ప్లాస్టిక్ కుర్చీ అని చెప్పింది సుజాత. నాకు ఒళ్లు మండింది. ఆఫీసుకు పోయి పెద్దసారును అడిగాను.

"అందరు గవే కుర్చీలల్ల కూసుంటలేరా తాతా?" అన్నాడు. ఆయన కింద మాత్రం మెత్తటి తిరుగుడు కుర్చీ.

మా నాయన దొర ఉండే గడీలో నిలబడి నిలబడే ముసలివాడయ్యాడు. కుర్చీలు తుడిచాడు గాని ఒక్కనాడూ ఆయనను కూర్చోనివ్వలేదు. అది నేను మరిచిపోలేదు. ఆ కోపంతోనే షాపుకు పోయి, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద కుర్చీ కొన్నాను. తలను దాటిపోయే వీపు, వెడల్పు చేతులు, నల్లటి రెగ్జిన్. ఆటోలో వేసుకుపోయి ఆమె టేబుల్ దగ్గర నేనే వేశాను. పక్క సీటు అమ్మాయి "దొరసాని లెక్కున్నవక్కా" అంటే మురిసిపోయాను.

కొన్ని వారాలకే నొప్పి తుంటి నుంచి పిక్కలోకి దిగింది. కాలు తిమ్మిరెక్కేది. ఇట్లాగే పోతే ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టర్. ఫిజియోథెరపీ మేడం, ఆఫీసులో కూర్చున్న ఫొటో ఒకటి తెమ్మన్నది. చూసి నా వైపు తిరిగింది.

"తాతా, గీమె కాళ్లు నేలకు అందుతలేవు. నడుము వెనకకు ఆనుతలేదు. గీ కుర్చీ ఎవలి కొలతకు కొన్నవ్?"

"దొర కొలతకు తెచ్చిండు మేడం" అన్నది సుజాత.

బయటికొచ్చినంక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు గంత మురిసినవ్ నాయినా. ఎట్ల చెప్పాలె?"

ఈసారి ఇద్దరం కలిసి పోయాం. షాపతను ప్రతిదాన్నీ ఎర్గోనామిక్, ఒంటికి సరిగ్గా కుదిరేది అనే అన్నాడు. ఆమె ఒక్కొక్కదానిలో కూర్చుని చూసింది. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, సీటు అంచు మోకాలి వెనక ఒత్తకూడదు, లంబార్ సపోర్ట్ అనే ఉబ్బెత్తు భాగం నడుము వంపులో తగలాలి అని మేడం చెప్పి పంపింది. చివరికి వల లాంటి జాలీ వీపున్న ఒక చిన్న కుర్చీ కుదిరింది, చూపుకు ఏమీ ఆనదు. ఆఫీసు టేబుల్ ఎత్తుకు సీటు లేపితే మళ్లీ కాళ్లు వేలాడాయి. అందుకని కింద చెక్కపీట వేసి వచ్చాను.

ఆపరేషన్ లేకుండానే తిమ్మిరి పోయింది. ఆఫీసులో సీటు ఇంకా ఆమెదే. పొద్దున వ్యాయామం మానదు, పని మధ్యలో లేచి నాలుగడుగులు వేస్తుంది. పని ఎక్కువైన రోజున నడుము ఇప్పటికీ పట్టేస్తుంది. పెద్ద కుర్చీ ఇంట్లో ఉంది. దానిలో కూర్చుని పేపర్ చదువుతాను. నా కాళ్లూ నేలకందవు.

నేను చెప్పేది ఒక్కటే. కుర్చీ కొనేటప్పుడు నడుము నొప్పి ఎవరిదో వాళ్లను వెంట తీసుకుపోండి. వాళ్లను కూర్చోబెట్టి, మీరు పక్కన నిలబడండి. ఎట్లుందో వాళ్లు చెప్పేదాకా నోరు విప్పకండి.